ఢిల్లీ కషాయం: ఆకు, కొలత, తెలిసిన చెయ్యి

చలి ముదిరే కొద్దీ పాత ఢిల్లీలోని ఖారీ బావలీ బజారులో జోషాందా సరుకుకు గిరాకీ పెరుగుతుంది. ఎండు రేగు, నక్కెర కాయలు, అతిమధురం, బనఫ్షా పూలు కలిపి కాచే యునానీ కషాయమిది. మన ఇళ్లలో శొంఠి, మిరియాలు, తులసి చేసే పనే అక్కడ ఇది చేస్తుంది. ఈ అలవాటు ఇన్ని శతాబ్దాలు నిలవడానికి మొక్కల గుణం ఒక్కటే కారణం కాదు. మొక్కను గుర్తుపట్టి, కొలత తెలిసి, ఎక్కడ ఆపాలో చెప్పగలిగినవారు ఉండబట్టే నిలిచింది.

ఆయుర్వేద గ్రంథమైన శార్ఙ్గధర సంహిత కొలత విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తే క్వాథం. మరిగిన నీళ్లలో మందు వేసి నాననిచ్చి వడకడితే ఫాంటం. నేటి హెర్బల్ టీ ఈ ఫాంటమే. ఇటువంటి జ్ఞానం భాషల గోడలు దాటింది. ఢిల్లీ సుల్తాను సికందర్ లోడీ కాలంలో, 1512లో, మియాన్ భువా సంస్కృత వైద్య గ్రంథాల సారాన్ని పారశీకంలోకి తెచ్చాడు. ఆయుర్వేద వైద్యులు, యునానీ హకీములు ఒకరి మందులు ఒకరు తెలుసుకున్నారు.

బ్రిటిష్ పాలనలో ఆయుర్వేదం, యునానీ రెండింటికీ గడ్డుకాలం వచ్చింది. బల్లీమారాన్‌లోని షరీఫ్ మంజిల్‌కు చెందిన హకీం అజ్మల్ ఖాన్ రెండింటినీ ఒక్కచోట నిలబెట్టారు. ఆయన నెలకొల్పిన కరోల్ బాగ్ తిబ్బియా కళాశాలకు 1916లో వైస్రాయ్ హార్డింజ్ శంకుస్థాపన చేస్తే, 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ ప్రారంభించారు. అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించిన సలీముజ్జమాన్ సిద్దీఖీ సర్పగంధి వేరు నుంచి ఒక రసాయనాన్ని వేరుచేసి, అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అన్నారు. గుండె లయ పరీక్షల్లో దాన్ని నేటికీ వాడుతున్నారు. సంప్రదాయాన్ని గౌరవిస్తూనే పరీక్షకు నిలబెట్టవచ్చని ఢిల్లీ అలా చూపించింది.

మరోవైపు 1906లో హకీం అబ్దుల్ మజీద్ స్థాపించిన హమ్‌దర్ద్ యునానీ మందులను సీసాల్లోకి ఎక్కించింది. మందు ఇంటింటికీ చేరింది. అయితే నాడి చూసి మందిచ్చే మనిషికీ రోగికీ మధ్య దూరం పెరిగింది. ఈ సంప్రదాయాల బాగోగులు చూడటానికి ప్రభుత్వం 2000లో ఔషధ మొక్కల బోర్డును, 2014లో ఆయుష్ మంత్రిత్వ శాఖను ఏర్పాటుచేసింది.

కరోనా ఈ చరిత్రను పరీక్షకు పెట్టింది. 2020లో ఆయుష్ శాఖ ఒక కషాయ చూర్ణాన్ని సూచించింది: తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. మూడు గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, రోజుకు ఒకటి రెండు సార్లు. భయంలో ఈ కొలతను పట్టించుకోనివారు ఎందరో. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు నివేదించారు. అదే పోలికలున్న మరో తీగ కారణం కావచ్చని ఆయుష్ శాఖ వివరించింది. రెండు వాదనలూ చెప్పేది ఒకటే: పచ్చని తీగ కదా అని ఏదిపడితే అది, ఎంతపడితే అంత తాగకూడదు.

జలుబుకు కషాయం తప్పక తాగుదాం, పిల్లలకు నేర్పుదాం. దాంతోపాటు కొలతనూ నేర్పుదాం. రోజూ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి. రెండు వారాలు దాటిన దగ్గును కషాయంతో నెట్టుకురాకుండా క్షయ పరీక్ష చేయించాలి. మంచి హకీమైనా, మంచి వైద్యుడైనా తన మందు హద్దు తెలిసినవాడే.