రాయించుకున్న రాజీనామా

మేడ్చల్ వైపున్నా శామీర్‌పేట వైపున్నా, కంపెనీ గేటు ఎదుటి టీ బండి దగ్గర 'తీసేశారు' కంటే 'రాయించుకున్నారు' అన్న మాటే ఎక్కువ వినపడుతుంది. 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని ఒక్క వాక్యం, కింద సంతకం, గేటు పాస్ వాపసు. ఇంగ్లండు చట్టం ఇలాంటి బలవంతపు రాజీనామాను తొలగింపు కిందే లెక్కగడుతుంది, విచారించడానికి విడిగా ట్రిబ్యునళ్ళు పెట్టింది. మన చట్టంలో దీనికంటూ ఒక పేరు లేదు. అందుకే ఏ కోర్టుకు పోవాలన్నదే మొదటి తగాదా.

పాత దారి సివిల్ కోర్టు. బెదిరించి తీసుకున్న సమ్మతిని కాదనుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం నాటిదే. అయితే బెదిరింపు ఎలా జరిగిందో దావాలోనే విడమరిచి రాయాలి, ఆపైన రుజువు చేయాలి. అంతా చేసి నెగ్గినా ప్రైవేటు కంపెనీ మీద దక్కేది మామూలుగా నష్టపరిహారమే. ఇష్టంలేని యజమాని దగ్గర మనిషిని మళ్ళీ కొలువులో కూర్చోబెట్టే పని సివిల్ కోర్టు పెట్టుకోదు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఆ పని పెట్టుకుంది. ఉద్యోగం, పాత జీతం రెండూ ఇప్పించగల కోర్టు వచ్చింది. తమాషా ఏమిటంటే, కార్మిక నాయకుడైన మన వి.వి.గిరికి ఈ ట్రిబ్యునళ్ళ మీద నమ్మకం తక్కువ. యూనియనూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనేవారు. ఆయనే 1954లో, బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవి వదులుకున్నారు. అది మాత్రం ఎవరూ రాయించుకున్న రాజీనామా కాదు!

ఒంటరివాడికి మాత్రం ఆ కోర్టు దూరంగానే ఉండేది. వెనక యూనియన్ ఉండాలి. 1965లో 2ఎ సెక్షన్ చేర్చి, ఒక్కడి తొలగింపూ పారిశ్రామిక వివాదమే అన్నారు. అప్పటికీ కేసును కోర్టుకు పంపాల్సింది ప్రభుత్వమే. ఫైలు కదలకపోతే అంతే. 1987లో ఆంధ్రప్రదేశ్ సొంత సవరణ తెచ్చి, కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనపడేది ఇదే. కేంద్రానికి ఆ బుద్ధి పుట్టేసరికి 2010 వచ్చింది. అదీ ముందు కన్సిలియేషన్‌లో 45 రోజులు ఆగాలనీ, మూడేళ్ళు దాటకూడదనీ షరతులు పెట్టి.

ఈలోగా సుప్రీంకోర్టు కూడా నడక మార్చుకుంది. వరసగా ఎనిమిది రోజులు రాకపోతే తనే మానేసినట్టన్న స్టాండింగ్ ఆర్డరును 1964లో మద్రాసు బకింగ్‌హామ్ మిల్లు కేసులో సమర్థించింది. 1993కి వచ్చేసరికి, అలాంటి నిబంధన ఉన్నా సంజాయిషీ అడగకుండా పేరు కొట్టేయరాదంది. 'తనే పోయాడు' అనే మాటను గుడ్డిగా నమ్మడం అక్కడితో ఆగింది. రాజీనామా కేసులోనూ బలవంతం రుజువు చేయాల్సింది కార్మికుడే. కాకపోతే లేబర్ కోర్టు సంతకం దగ్గరే ఆగదు: ఆ రోజే ఆమోదించారా, నలుగురి కాగితాల్లోనూ ఒకే వాక్యం ఉందా, మర్నాడే ఫిర్యాదు పెట్టాడా అని చూస్తుంది.

బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ నడిచిన కాలంలో యూనియన్ నీడ ఉండేది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో కెమిస్టు చేతిలో 'ఎగ్జిక్యూటివ్' అని రాసిన కార్డు ఉంటుంది. కార్మికుడా కాదా అన్నది తేల్చడానికి హోదా పేరు కాదు, చేసే పని చూడాలని సిబా గైగీ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా యాజమాన్యం వేసే మొదటి అభ్యంతరం ఇప్పటికీ అదే: 'ఇతను కార్మికుడు కాడు'. ఆఫీసులు, దుకాణాల ఉద్యోగులకైతే 1988 షాపుల చట్టం కింద అప్పీలు మరో దారి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ లేబర్ కోర్టు అనే పేరునే తీసేసింది. ఇక ఇద్దరు సభ్యుల ట్రిబ్యునల్. ఒకరు న్యాయం వైపు నుంచి, ఒకరు పాలన వైపు నుంచి. సూపర్‌వైజరును కార్మికుడిగా లెక్కగట్టే జీతం హద్దు పదివేల నుంచి పద్దెనిమిది వేలకు పెరిగింది. శామీర్‌పేటలోనే ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఈ తీర్పులన్నీ పాఠాలు. కాస్త అవతల తుర్కపల్లిలో ఇంక్రిమెంటుతో కలిపి ఇరవై వేలు దాటిన షిఫ్ట్ సూపర్‌వైజరుకు మాత్రం మళ్ళీ సివిల్ కోర్టు మెట్లే.