మంచం పక్కన రిజిస్టరు: పడకపుళ్ల చరిత్రలో కొన్ని పుటలు



ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని మన కార్యదర్శిగారు కోరారు. షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే ఒక విషయం నేను తీసుకుంటున్నాను. అది పడకపుండు, ఆస్పత్రి భాషలో బెడ్‌సోర్. నేను డాక్టరును కాను, వకీలునూ కాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను. అయితే దీని చరిత్ర చదివేకొద్దీ ఇందులో సగం కాగితాల చరిత్రేనని తోచింది. అందుకే ఈ సాహసం.

ముందు పుండు సంగతి. మనిషి ఒకే వైపు కదలకుండా పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, కండ నలుగుతాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోట కండ చచ్చిపోతుంది. మనం నిద్రలో తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతాం కనుక మనకా బాధ లేదు. పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి, మతిమరుపు బాగా ముదిరినవారికి ఆ దొర్లడం ఉండదు. నడుము కింద, తుంటి పక్కన, మడమల మీద పుండు మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చెబుతారు. మొదట చర్మం చెక్కుచెదరదు కాని ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. మనవంటి చామనఛాయ వంటి మీద ఎరుపు సరిగా కనబడదు కనుక చేత్తో తడిమి చూడాలి, అక్కడ వేడిగానో గట్టిగానో ఉంటుంది. రెండవ దశలో చర్మం లేస్తుంది, లేక బొబ్బ కడుతుంది. మూడవ దశలో లోపలి కొవ్వు, నాలుగవ దశలో కండ, ఎముక బయటపడతాయి. పైకి రూపాయి బిళ్లంత కనిపించి లోపల గుల్ల అయిన పుళ్లు కూడా ఉంటాయి. చీము రక్తంలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇది ఈనాటి జబ్బు కాదు. ఈజిప్టులో దొరికిన ఒక పూజారిణి మమ్మీ మీద పడకపుళ్ల గుర్తులు కనిపించాయి. పదహారవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే 1569లో ఫ్లాండర్స్‌లో ఒక ప్రభువును చూడబోయాడు. తొడలో తుపాకి గుండు గాయంతో నెలల తరబడి మంచాన పడి, వెనుక భాగం పుండైపోయిన మనిషి ఆయన. పారే కత్తితో ఊరుకోక మంచం సంగతి కూడా చూశాడు. పడక మార్పించి, శుభ్రమైన దుప్పట్లు వేయించి, పుండు పరుపుకు తగలకుండా మెత్తని చిన్న దిండు కుట్టించి, బలమైన ఆహారం పెట్టించాడు. ఆ ప్రభువు కోలుకున్నాడు. దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరువాత కూడా ఈ చికిత్సలో కొట్టివేయదగ్గది పెద్దగా లేదు.

అయితే పందొమ్మిదవ శతాబ్దంలో చరిత్ర ఒక అడుగు వెనక్కి వేసింది. పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు ఉండేవాడు. నరాల వైద్యానికి మూలపురుషుల్లో ఒకడు. మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలిన రోగులకు నడుము కింద పుండు పడడం, వారు త్వరలోనే చనిపోవడం ఆయన చూశాడు. నరం దెబ్బతినడమే పుండుకు కారణమనీ, అది చావుకు సూచన అనీ నిర్ణయించాడు. దానికి అపశకునం అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టాడు. అంతటివాడు చెప్పాక ఇంకేముంది! పుండు పడితే జాతకం అయిపోయిందని డాక్టర్లూ, నర్సులూ చేతులు దులుపుకున్నారు.

ఇందులో విచారించవలసింది ఏమిటంటే, అది తప్పని అప్పటికే ఒకాయన ప్రయోగం చేసి చూపాడు. ఆయన పేరు బ్రౌన్ సెకార్. మన తెలుగువారు కోరంగి రేవు నుంచి కూలీలుగా వెళ్లిన మారిషస్ దీవిలోనే పుట్టినవాడు. 1850ల నాడు ఆయన వెన్నుపాము తెగిన గినీపిగ్‌ల మీద ప్రయోగం చేశాడు. వాటి చర్మం మీద ఒత్తిడి, మూత్రపు తడి లేకుండా కాపాడితే పుండే పడలేదు. అంటే నరం దెబ్బ ఒక్కటే పుండును పుట్టించదు. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో ఇంకా సూటిగా, రోగికి పడకపుండు పడితే ఆ తప్పు సాధారణంగా రోగానిది కాదనీ, సేవదేననీ తేల్చింది. ప్రయోగం ఒకటి, అనుభవం ఒకటి, రెండూ ఒకే మాట చెప్పాయి. అయినా పెద్ద డాక్టరుగారి మాటే చాలాకాలం చెల్లింది. ఆఫీసుల్లో ఇటువంటివి మనం చూడనివి కావు.

ఈ కథను తిప్పినవాడు లుడ్విగ్ గుట్‌మన్. హిట్లరు ఏలుబడి నుంచి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల వార్డు ఆయనకు అప్పగించారు. అంతకు ముందు అటువంటి సైనికులు పడకపుళ్లతోను, మూత్రపిండాల వ్యాధితోను త్వరలోనే పోయేవారు. వారిని మూలన పడుకోబెట్టి, బతికినన్నాళ్లు చూడడమే వైద్యం. గుట్‌మన్ ఒక కొత్త నియమం పెట్టాడు. పగలైనా రాత్రైనా రెండు గంటలకొకసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలి. కొత్త మందు లేదు, యంత్రం లేదు. తిప్పారా లేదా అని ఆయనే అర్ధరాత్రి వార్డుకు వచ్చి చూసేవాడు. సిబ్బంది విసుక్కున్నారు. కాని పుళ్లు మానాయి, మనుషులు లేచి కూర్చున్నారు. 1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే చక్రాల కుర్చీల్లో ఉన్న పదహారు మందితో ఆయన ఆస్పత్రి మైదానంలో విలువిద్య పోటీ పెట్టాడు. నేటి పారాలింపిక్స్‌కు అదే మూలం.

1962లో ఇంగ్లండులోనే డోరీన్ నార్టన్ అనే నర్సు, ఆమె సహచరులు వృద్ధ రోగులను పరిశీలించి ఒక లెక్క తయారు చేశారు. రోగి ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే అయిదు పద్దులకూ ఒక్కొక్కదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు వేస్తారు. మొత్తం 20లో 14 లేక అంతకు తక్కువ వస్తే పుండు పడే ప్రమాదం ఉందని అర్థం. నా దృష్టిలో ఇది పెద్ద మలుపు. ప్రమాదం ముందే తెలుసుననడానికి కాగితం పుట్టింది. కాగితం పుట్టిన చోట బాధ్యత కూడా పుడుతుంది.

ఆ బాధ్యతను చట్టంలోకి ఎక్కించింది అమెరికా. ఇక్కడ ఒక మాట వివరించాలి. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆస్పత్రి. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే తమ పని తాము చేసుకోలేని వృద్ధులు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు. 1965లో అక్కడ ప్రభుత్వ వైద్య సహాయ పథకాలు వచ్చాక అవి విపరీతంగా పెరిగాయి. డబ్బు పెరిగినంతగా సేవ పెరగలేదు. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వచ్చి, 1986లో ఒక నిపుణుల నివేదిక వెలువడి, 1987 డిసెంబరులో నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం వచ్చింది. దాని కింది నిబంధన ప్రకారం, పుండు లేకుండా హోమ్‌లో చేరిన మనిషికి పుండు పడకూడదు. పడితే, ఆ మనిషి ఆరోగ్యస్థితి వల్ల అది తప్పించలేనిదని రికార్డు చూపాలి. అవసాన దశలో ఉన్న కొందరికి ఎంత చూసినా పుండు పడుతుంది, ఆ సంగతి నిబంధన ఒప్పుకుంటుంది. అయితే తప్పించలేనిదనడానికి నోటి మాట చాలదు.

చట్టం వచ్చినంత మాత్రాన కుటుంబం కోర్టు మెట్లు ఎక్కగలదా అన్నది ఇంకో ప్రశ్న. పిట్స్‌బర్గ్ అనగానే మనవారికి అక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయం గుర్తొస్తుంది. అదే జిల్లా ప్రభుత్వం నడిపే ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక తల్లి పడకపుళ్లు పడి, తిండి చాలక చిక్కిపోయి, చీము రక్తానికెక్కి మరణించింది. ఆమె కుమార్తె కేసు వేసింది. ఈ చట్టం కుటుంబాలకు దావా హక్కు ఇవ్వలేదని కింది కోర్టు కొట్టివేసింది. 2009లో మూడవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగదోడి, చట్టం రాసింది ఆ హోమ్‌లో ఉండేవారి కోసమేనని, కుమార్తె దావా నడవవచ్చునని చెప్పింది. 2023 జూన్‌లో ఇండియానా నుంచి వచ్చిన వేరే కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఇదే దారి పట్టింది. ఇది ప్రభుత్వ హోమ్‌లకు సంబంధించిన మాట. ప్రైవేటు హోమ్‌ల మీద ఆయా రాష్ట్రాల చట్టం కింద నిర్లక్ష్యపు దావా వేసుకోవాలి, గడువు రాష్ట్రానికో రకంగా ఉంటుంది. పిల్లల దగ్గరకు వెళ్లి స్థిరపడిన మన మిత్రులు ఇంకొకటి గమనించాలి. చేరేటప్పుడు సంతకం పెట్టించే కాగితాల్లో తగాదా వస్తే కోర్టుకు పోనంటూ ఒక షరతు ఉంటుంది. ఫెడరల్ నిధులు తీసుకునే హోమ్ ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటామని పట్టుబట్టడానికి 2019 నిబంధన ప్రకారం వీల్లేదు.

ఇక మన దేశం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినప్పుడు డాక్టర్లు దాని కిందికి రారని వాదించారు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 నవంబరు 13న కోర్టు, డబ్బు తీసుకొని చేసే వైద్యం సేవేనని తీర్పు చెప్పింది. అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఉద్యోగ షరతుల్లో భాగంగా యజమాని ఖర్చు భరించినా, బీమా కంపెనీ భరించినా, అది ఉచిత వైద్యం కిందికి రాదు. యజమానే బిల్లు కట్టాడు గనుక నీకు హక్కు లేదని ఎవరూ అనలేరు.

ఇంకొకటి మన హైదరాబాదు నుంచే వెళ్లిన కేసు. ఫిర్యాదీ మలేరియా శాఖలో అధికారి. ఆయన భార్యకు వచ్చింది మలేరియా, ఆస్పత్రి చేసింది టైఫాయిడ్ వైద్యం. ఆవిడ మరణించారు. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇమ్మన్నది, పైవారు కొట్టివేశారు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులోను నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, తప్పు కళ్లకు కట్టినట్టుంటే దానంతటదే సాక్ష్యమని చెప్పింది. పడకపుండు కేసులకు ఈ మాట ఎంత బలమో నేను వేరే చెప్పనక్కరలేదు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడి ఇంట్లో జరిగింది చెబుతాను. వారి శ్రీమతికి పక్షవాతం వచ్చింది. పిల్లలు దూరాన ఉన్నారు, ఆయనకే డెబ్బై ఆరు. నెలకు ఇంత అని కట్టి నగరంలో ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చారు. ఆయన వెళ్లినప్పుడల్లా గదిలో అగరుబత్తి వెలుగుతూ ఉండేది. భక్తి అనుకున్నారు పాపం. నలభై రోజులకు ఒకనాడు దుప్పటి తీసి చూస్తే నడుము కింద పిడికిలి పట్టేంత పుండు. వయసు మీద పడితే అంతేనండీ అన్నారు అక్కడివారు. షార్కో చనిపోయి నూరేళ్లు దాటినా ఆయన మాట మాత్రం చావలేదు! ఆమెను ఆస్పత్రికి మార్చాక, రాతపూర్వకంగా అడిగితే, రోగిని తిప్పిన రిజిస్టరు నకలు ఇచ్చారు. మిత్రుడు అది నాకు చూపించారు. రెండు గంటలకొక టిక్కు, నలభై రోజులూ తప్పలేదు. అన్నీ ఒకే చేతి రాత, ఒకే సిరా. అంతకన్న వింత, ఆమెను అక్కడి నుంచి తీసుకెళ్లిన తరువాత రెండు రోజులకు కూడా టిక్కులు ఉన్నాయి. హాజరు పట్టీలు చూసిన కన్ను గనుక నాకు వెంటనే పట్టుబడింది. వకీలు నోటీసులో ఆ రెండు తేదీలు రాశాక కేంద్రంవారు ఆస్పత్రి ఖర్చంతా కట్టారు. ఆవిడ మాత్రం ఏడు నెలలకు మించి బతకలేదు.

కనుక ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి అవసరం వస్తే, చేర్చిన రోజునే ఒంటి మీద పుండు ఏదీ లేదని రాయించి తీసుకోండి. వెళ్లినప్పుడల్లా దుప్పటి తీసి చూడండి, మొహమాటం వద్దు. ఎర్రబడిన చోట స్పిరిటు, పౌడరు వేసి రుద్దడం పాత వార్డుల అలవాటు. అది మంచిది కాదని ఇప్పటి వైద్యం చెబుతోంది. పుండు కనబడితే పక్కన స్కేలు పెట్టి, తేదీ పడేటట్టు ఫోటో తీయండి. ఆస్పత్రిలో కేసు షీటు నకలు రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఇప్పుడు అమలులో ఉన్న 2019 వినియోగదారుల చట్టం కింద గడువు రెండేళ్లు. మనిషి పోయినా వారసులు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. క్రిమినల్ కేసు సంగతి వేరు. 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం డాక్టర్ల విషయంలో నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలి, కనుక అది వకీలును అడిగే చేయాలి. దారి తోచకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోను చేయవచ్చు.

ఫిర్యాదు పంపేటప్పుడు నకళ్లు మూడు తీయండి. స్పీడ్ పోస్టు రసీదు, బిల్లులు, ఫోటోలు అన్నీ ఒకే ఫైలులో తేదీల వరుసన కుట్టి, పుటలకు నంబర్లు వేయండి. ఆ ఫైలును మాత్రం ఎల్.డిస్. చేయకండి, ఆర్.డిస్.గా ఉంచండి.