చెరువు కట్టినవాళ్లు, చెరువు కాపాడినవాళ్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు కదా అని నేను వేరే విషయం ఎంచుకున్నాను. ఈ యాభై ఏళ్లలో మన సంఘం బడికి గదులు కట్టించింది, బెంచీలు కొనిచ్చింది, పేద పిల్లలకు ఫీజులు కట్టింది. ఈసారి బడి ప్రహరీ దాటి, మన పిల్లలు నడిచి వచ్చే పల్లెలకు కూడా ఏదైనా చేద్దామనే ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు రాబోతోంది. స్వాగత తోరణం కట్టాలని కొందరు, మంచినీటి ప్లాంటు పెట్టాలని కొందరు, చెరువు బాగుచేయాలని కొందరు అంటున్నారు. నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి వెనక్కి చూడటం మంచిది. పల్లె బాగుకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది, ఎలా ఖర్చయింది, ఏది నిలిచింది అనే చరిత్ర మన కడప సీమలోనే ఆరున్నర శతాబ్దాలుగా రాతి మీదా కాగితం మీదా ఉంది.

పోరుమామిళ్ల శాసనం

మనకు దగ్గరలోనే ఉన్న పోరుమామిళ్ల చెరువును చూడనివాళ్లు మనలో తక్కువే. దాని శాసనాన్ని చదివినవాళ్లు మాత్రం ఎక్కువమంది ఉండరు. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ చెరువు కట్టించాడు. భవదూరుడని కూడా ఆయనకు పేరు. ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని పాలించేవాడు. కొండల మధ్య మాల్దేవి వాగుకు అడ్డంగా కట్ట వేశారు. తూములు పెట్టారు. రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారనీ, రాళ్లు తోలడానికి నూరు బండ్లు తిరిగాయనీ, పని రెండేళ్లు సాగిందనీ, ఖర్చయిన ధనధాన్యాలకు లెక్కే లేదనీ శాసనం చెబుతుంది.

ఇంజనీరుగా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అందులోని జాబితా. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలట. ధర్మబుద్ధీ సంపదా కీర్తికాంక్షా ఉన్న రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యటి నీటి వాగు, ఆనుకుని కొండలు, వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లో రాతి గని, దిగువన సమతలమైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు వగైరా. దోషాలు ఆరు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఈనాడు ఒక చిన్న నీటిపారుదల పనికి అంచనా తయారుచేసే ఇంజనీరు చూసుకోవలసినవి దాదాపు ఇవే. సరిహద్దు దోషమైతే మన రాష్ట్రాల మధ్య జల వివాదాలు చూస్తున్న ఎవరికీ వివరించనక్కర్లేదు.

అయితే ఆ జాబితాలో మొదటి అంగం డబ్బున్న రాజు, చివరిది పని తెలిసిన కూలీలు. అంటే అవన్నీ చెరువు కట్టే రోజుకు కావలసినవి. కట్టిన తర్వాత ఏటా కట్ట మీది కంప కొట్టేదెవరు, ఎండ్రకాయల బొక్కలు పూడ్చేదెవరు, వంక పూడిక తీసేదెవరు, వాళ్లకు కూలి ఇచ్చేదెవరు అనేది ఆ పన్నెండింటిలో లేదు. దానికి జవాబు మరో చోట ఉంది.

దశబంధం, మేర

మన రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత ఖర్చుతో చెరువో బావో తవ్వించినవారికి, పాడుబడినదాన్ని బాగుచేసినవారికి ఇనాము దక్కేది. పేరులోనే ఉన్నట్టు అది పదో వంతు లెక్క. నిర్దిష్టమైన పొలాన్ని ఇనాముగా ఇస్తే ఖండం దశబంధం. విడిగా పొలం చూపకుండా ఆయకట్టు ఆదాయంలో వాటా ఇస్తే షామిలాత్ దశబంధం. రెంటికీ షరతు ఒకటే, ఆ చెరువును మరమ్మతులో ఉంచాలి. చెరువు పాడైతే ఆయకట్టు పండదు, పండకపోతే ఇనాముదారు వాటా కూడా తగ్గుతుంది. కాబట్టి కట్టకు గండి పడకుండా చూసుకోవడం ఇనాముదారుకు పుణ్యకార్యం మాత్రమే కాదు, సొంత లాభం కూడా.

కిందిస్థాయిలో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో ఆయన చేతిలో ఉండేది. జీతం నగదు కాదు, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇచ్చే మేర. అందరి చేలూ పండితేనే అతని గింజలు. పై కాలవ రైతుకు మొగ్గు చూపితే దిగువ కళ్లంలో అతనికి మేర తగ్గేది.

తిరుమల దేవస్థానం శాసనాల్లో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. 15, 16 శతాబ్దాల్లో దాతలు నిత్య నైవేద్యం కోసం సొమ్ము సమర్పించేవారు. ఆ సొమ్మును అలాగే దాచకుండా దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్వించడానికి, బాగుచేయడానికి వాడేది. దానివల్ల పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం ఏటా జరిగేది. సొమ్ము ఒక్కసారే ఇచ్చినా పంట, పూజ రెండూ సాగుతూ ఉండేవి. మూలధనం, వడ్డీ అనే మాటలు మనం బ్యాంకుల దగ్గర నేర్చుకున్నాం గానీ, ఆ లెక్క మన చెరువుల కింద అంతకు ముందునుంచే ఉంది.

ఇవన్నీ చెప్పి పాతకాలాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఆ ఏర్పాట్లలో ఇనాము ఎవరికి దక్కింది, బురదలో దిగింది ఎవరు అనేది కులాన్ని బట్టే ఉండేది. ఆ అన్యాయాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ కోరుకోరు. కానీ నిర్వహణకు ఏటా వచ్చే ఆదాయాన్ని చెరువుకే ముడివేసిన తెలివి మాత్రం నేర్చుకోదగ్గది.

ముడి ఊడిన కాలం

కుంపిణీ ప్రభుత్వం వచ్చాక భూమిశిస్తు నగదుగా ఖజానాకు పోవడం మొదలైంది. ఊరి చేతిలో మిగిలేది తగ్గింది. శిస్తు తీసుకునేది సర్కారు కనుక మరమ్మతూ సర్కారే చేయాలని రైతులన్నారు. కుడిమరామత్తు, అంటే రైతులు తలా ఒక చెయ్యి వేసి చేసుకోవలసిన ఆనవాయితీ పని, సన్నగిల్లుతోందని సర్కారు అంది. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. చట్టంతో గండి పూడ్చడానికి మనుషుల్ని పిలిపించగలిగారేమో గానీ, ఏటా పూడిక తీయించలేకపోయారు. 1876-78 కరువులో మన సీమ ఎంత విలవిలలాడిందో పెద్దల నోట విన్నాం. ఆ దెబ్బతో 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. చెరువులను కొలిచి, పటాలు గీసి, రికార్డులు రాశారు. ఆ సర్వేలు చేసిన మేలు తక్కువ కాదు. కానీ పని కచేరీదయింది, ఊరు చూస్తూ నిలబడింది.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాము భూములు పట్టా భూములయ్యాయి. అది న్యాయమైన సంస్కరణే. కాకపోతే భూమికి కొత్త యజమాని దొరికినంత తేలిగ్గా, ఆ భూమి మోసిన బాధ్యతకు కొత్త యజమాని చాలా చోట్ల దొరకలేదు.

పథకాల వరుస

1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజ వికాస ప్రాజెక్టులు ప్రారంభమయ్యాయి. శ్రమదానంతో రోడ్లు వేశారు, బావులు తవ్వారు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం, అధికారం ఊరికి ఇవ్వకుండా జనం చేతులు కలపాలంటే కలపరని తేల్చింది. అందుకే పంచాయతీరాజ్. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ గారు మన రాష్ట్రంలో దాన్ని ప్రారంభించారు. అధికారం కొంత దిగింది గానీ, నిధులు అంతగా దిగలేదు.

1997లో జన్మభూమి వచ్చింది. ఊరివాళ్లు తమ వాటాగా డబ్బో శ్రమో పెడితే మిగతాది ప్రభుత్వం పెడుతుందన్నది సూత్రం. దక్షిణ కొరియా సేమౌల్ ఉద్యమం దీనికి స్ఫూర్తి అని అప్పట్లో చెప్పుకునేవారు. అక్కడ 1970లో సుమారు 33 వేల ఊళ్లకు తలా 335 బస్తాల సిమెంటు ఉచితంగా ఇచ్చారు. మరుసటి ఏడు బాగా వాడుకున్న దాదాపు 16,600 ఊళ్లకే 500 బస్తాలు, టన్ను ఇనుము ఇచ్చారు. అది సైనిక నియంత పాలనలో జరిగింది కనుక అలాగే అనుకరించలేం. కానీ ముందు కొంచెం ఇచ్చి, పని చూసి ఆపైన ఇవ్వడం అనే పద్ధతి ఏ దాతకైనా పనికొస్తుంది.

అదే 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టంతో 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. నీటితీరువాను పెంచి, వసూలైనదాంట్లో కొంత సంఘాలకే తిరిగి ఇవ్వాలన్నారు. నా దృష్టిలో దశబంధానికి ఆధునిక కాలంలో అంత దగ్గరగా వచ్చిన ఆలోచన మరొకటి లేదు. పన్ను వసూలు చేసి, సకాలంలో వాటా తిరిగి ఇచ్చిన చోట సంఘం నిలబడింది. వసూలు ఆగిన చోట బోర్డు మాత్రమే మిగిలింది.

తెలంగాణలో 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో నాకు నచ్చిన అంశం మట్టి లెక్క. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ఆ ఒండ్రును ట్రాక్టర్లతో పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఒండ్రు చేనుకు ఎరువు కనుక రైతు తన డబ్బు పెట్టి మరీ తోలుకున్నాడు. వాటా కట్టమని ఎవరినీ బతిమాలలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలోనూ చెరువు పూడిక పనులు విస్తారంగా జరిగాయి. కూలీకి కనీసం 60 శాతం, సామగ్రికి 40 శాతం మించకూడదనే నిబంధన వల్ల మట్టిపని బాగా సాగింది. తూము తలుపు, మరువ రాతికట్టడం లాంటివి వెనకబడ్డాయి.

ఇన్ని పథకాల్లోనూ ఒక లోపం కొనసాగింది. చాలా దశాబ్దాల పాటు సర్కారు పద్దుల్లో ప్లాన్, నాన్‌ప్లాన్ అని రెండు గదులు ఉండేవి. కొత్త పని ప్లాన్ కిందకు, మరమ్మతు నాన్‌ప్లాన్ కిందకు వచ్చేవి. పొదుపు చేయాలన్నప్పుడల్లా కత్తెర నాన్‌ప్లాన్ మీదే పడేది. 2017-18 కేంద్ర బడ్జెట్ నుంచి ఆ విభజన పోయింది, అలవాటు ఇంకా పోలేదు. కొత్తదానికి శిలాఫలకం ఉంటుంది, గ్రీజు పెట్టిన తూము తలుపుకు శిలాఫలకం ఎవరు వేస్తారు?

దీనికి భిన్నమైన ఉదాహరణ మన పక్క జిల్లాలోనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోంచే పొదుపు సంఘాలు వచ్చాయి. రోజుకు రూపాయి దాచుకునే చోట మొదలై, బ్యాంకు అప్పు దాకా ఎదిగాయి. వాళ్ల బలం బయటి గ్రాంటు కాదు. సొంత సొమ్ము, ప్రతి సమావేశంలో నలుగురి ముందు చదివే పుస్తకం.

మన నిధి సంగతి

ఇప్పుడు మన సంఘం ముందున్న ప్రశ్నకు వద్దాం. మంచినీటి ప్లాంటు మంచి ఆలోచనే. కానీ చుట్టుపక్కల పల్లెల్లో దాతలు పెట్టించిన ప్లాంట్లలో ఎన్ని తాళం వేసి ఉన్నాయో మీకు తెలుసు. వడపోత పొరలు కొన్నేళ్లకు మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, మనిషికి జీతమివ్వాలి. ప్రారంభోత్సవం నాడు వీటి లెక్క ఎవరూ అడగరు. చెరువైనా అంతే. ఒకసారి పూడిక తీయించి ఫొటో దిగితే, పైనున్న వంక బాగుచేయకపోతే రెండు వానలకు మళ్లీ అదే కథ.

అందుకని ఏ పని ఎంచుకున్నా మూడు ప్రశ్నలు అడుగుదాం. పదేళ్ల తర్వాత దీన్ని చూసేది ఎవరు? వాళ్లకు ఏటా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ లెక్క ఊళ్లో ఎవరికి చదివి వినిపిస్తారు? మూడింటికీ జవాబున్న పని చిన్నదైనా చేద్దాం, లేని పని పెద్దదైనా ఆపుదాం.

నా ప్రతిపాదన ఇది. స్వర్ణోత్సవ నిధిలో సగమే కట్టడానికి ఖర్చు చేద్దాం. మిగతా సగం సంఘం పేరిట బ్యాంకులో వేసి, దాని వడ్డీని ఏటా నిర్వహణకే వాడదాం. ఊరివాళ్లు తమ వాటా పెట్టిన ఏడాదే వడ్డీ విడుదల కావాలి. వాటా నగదు కానక్కర్లేదు, ట్రాక్టరు తిప్పినా చాలు. ఏటా సంక్రాంతికి ఊళ్లోకి వచ్చే పూర్వ విద్యార్థులు కట్ట మీద నడిచి చూసి, లెక్క గ్రామసభలో చదివించాలి. బడి పిల్లలతో తూము దగ్గర నీటిమట్టం రాయించవచ్చు. లెక్కల మాస్టారికి, సైన్సు మాస్టారికి అంతకంటే మంచి పాఠం దొరకదు.

దీనికి దశబంధ నిధి అని పేరు పెడితే బాగుంటుందని నా కోరిక. భాస్కరుడి పేరు శాసనంలో ఉంది కనుక మనకు తెలుసు. ఆ తర్వాత ఇన్ని శతాబ్దాలు ఆ కట్ట గండి పడినప్పుడల్లా పూడ్చి, దాన్ని మన దాకా తెచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. సర్వసభ్య సమావేశంలో ఓటు వేసేటప్పుడు వాళ్లను కూడా ఒకసారి తలచుకోవాలని పెద్దలకూ, గురువులకూ, తోటి విద్యార్థులకూ నా మనవి.