నల్ల సముద్రంలో యుద్ధం, ఇంద్రేశంలో నూనె ప్యాకెట్

2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద దాడికి దిగింది. నల్ల సముద్రపు రేవుల్లో ఓడలు ఆగిపోయాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పొద్దుతిరుగుడు నూనె దిగుమతుల్లో ఎక్కువ భాగం యుక్రెయిన్, రష్యాలదే. ఏప్రిల్ 28న ఇండోనేషియా కూడా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. వారాల్లోనే మళ్లీ వదిలింది గానీ, ఆలోపే ధర కిరాణా కొట్టు దాకా వచ్చేసింది.

దేశంలో బియ్యానికి కొదవ లేదు. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి 5 కిలోలు, తెలంగాణలో 6 కిలోలు అందుతూనే ఉన్నాయి. కానీ బువ్వ ఒక్కటే తిని ఎవరూ బతకరు. నూనె, పప్పు బజారులో కొనాలి. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీకి పోతూ ఇంద్రేశంలో కిరాయికుండే కుటుంబానికి, నూనె పెరిగినంత వేగంగా కూలి పెరగదు. మొదట తగ్గేది కూరే. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు సొంతూరి కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. అసలు కార్డే లేనివాళ్లకు ఆ దారి కూడా లేదు. ఇంద్రేశం ఈమధ్యే మున్సిపాలిటీ అయింది. ఉపాధి హామీ పని గ్రామాలకే కాబట్టి ఆ ఆసరా కూడా పోయినట్టే.

ఎరువులదీ ఇదే దారి. పొటాష్ మనకు పూర్తిగా దిగుమతే, రష్యా, బెలారస్ పెద్ద అమ్మకందార్లు. యూరియాకు కావలసిన గ్యాస్‌లోనూ చాలా భాగం బయటిదే. 45 కిలోల యూరియా బస్తాను కేంద్రం రూ.266.50 దగ్గరే నిలిపింది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. పొటాష్ ధరను మాత్రం అట్లా పట్టి ఉంచలేదు. కౌలు కట్టి, అప్పు తెచ్చి సాగుచేసే మాదిగ, మాల రైతు ఆ తేడాను జేబులోంచే కట్టాడు.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో యాసంగి వడ్ల కొనుగోలు మీద తెలంగాణ ఢిల్లీలో ధర్నా చేసింది, ఉప్పుడు బియ్యం వద్దని కేంద్రం అంది. మే 13న గోధుమల ఎగుమతి, సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి, 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది. వద్దన్న గింజే ఏడాది తిరిగేసరికి దాచుకోవలసినదైంది!

మన జిల్లాలోనే దీనికి ఒక జవాబు ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత మహిళా సంఘాలు 1990లలో బీడు భూములను సాగులోకి తెచ్చాయి. అప్పు తీసుకున్న రైతు జొన్నలతో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలువ ఉంటాయి. ఎవరు పేదలో ఊరివాళ్లే తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు అమ్ముతారు. పెంటెరువు, ఇంటి విత్తనం, వాన నీళ్లు, అంతే. యుక్రెయిన్ రేవు మూతపడితే ఆ పొలానికి ఏమీ కాదు.

అయితే ప్లాట్లుగా మారిన ఇంద్రేశం భూమిలో జొన్న వేయలేం. ఇక్కడ అడగవలసింది కార్డులో నూనె, పప్పు. వలస కూలీకి కార్డు. కార్డు ఉండీ బియ్యం అందకపోతే 1967కు ఫోన్ చేయవచ్చు, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసివ్వవచ్చు, అక్కడా తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదు నకలు దగ్గర పెట్టుకోమని మేము అందరికీ చెబుతున్నాం.