మరణశిక్ష రద్దు వివాదం (భారతదేశం)

నేరానికి శిక్షగా ప్రాణం తీసే అధికారం రాజ్యానికి ఉండాలా అన్న చర్చ. 1955 వరకు హత్య కేసులో ఉరి వేయని జడ్జి అందుకు కారణం రాయాల్సి వచ్చేది. 1973 నేర విచారణ స్మృతి దాన్ని తలకిందులు చేసి, ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు చూపాలంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను సమర్థిస్తూనే, దాన్ని అత్యంత అరుదైన కేసులకు పరిమితం చేసింది. జస్టిస్ భగవతి ఒక్కరే విభేదించారు: ఖైదీ బతుకు ధర్మాసనంలో ఎవరు కూర్చున్నారన్న దానిపై ఆధారపడుతోందని ఆయన అభ్యంతరం. అది ఉత్త అనుమానం కాదు. 1996లో ఒక ఖైదీని ఉరితీశారు. అతని కేసులో తీర్పు బచన్ సింగ్ సూత్రాన్ని పట్టించుకోలేదని 2009లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది.

తెలుగునాట ఈ చర్చ కోర్టు గదుల్లోనే ఆగలేదు. ఆదిలాబాద్ రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. 1993 చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఇద్దరు పేద యువకులకు పడిన ఉరిశిక్ష, పౌరహక్కుల ఉద్యమకారుల ప్రచారం తర్వాత యావజ్జీవంగా మారింది. రద్దువాదానికి అసలు పరీక్ష ఇలాంటి కేసుల్లోనే: దోషుల పేదరికం ఎంత నిజమో, కాలిపోయిన ప్రయాణికులూ అంతే నిజం.

ఉగ్రవాద నేరాలకు మినహా మరణశిక్షను రద్దు చేయాలని 2015లో లా కమిషన్ సిఫార్సు చేసింది. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత మాత్రం ఈ శిక్షను కొనసాగించింది.