కోత లేని మరమ్మతు

సీతమ్మధారలో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ల కబుర్లలో షుగరు, బీపీల సరసన ఇప్పుడు బరువు తగ్గించే ‘స్లీవ్’ ఆపరేషన్ కూడా చేరింది. ఫలానా ఆయన ఆపరేషన్ చేయించుకుని సగానికి సగం తగ్గాడంటారు. కుట్ల దగ్గర లీకై మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్ల ఊసు మాత్రం తక్కువ. అలాంటి ఇబ్బందుల్ని మళ్లీ పొట్ట కోయకుండా, నోట్లోంచి గొట్టం పంపి సరిచేసే విద్యకు గట్టిగా పాతికేళ్ల వయసు. దాని మూలాలు మాత్రం చాలా పాతవి.

1868లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి నిటారు గొట్టం దింపి కడుపులోకి తొంగిచూశాడు. 1932లో షిండ్లర్ కొంత వంగే గొట్టం తెచ్చాడు. 1957లో హిర్షోవిట్జ్ గాజు తీగల ఎండోస్కోపును రోగులపై వాడాడు. 1980లలో వీడియో కెమెరా వచ్చాక డాక్టరు చూసేది పక్కనున్న నర్సుకీ కనిపించింది. అప్పుడే చేతులు కలిపి పని చేయడం సాధ్యమైంది.

బరువు తగ్గించే ఆపరేషన్ వేరే దారిలో ఎదిగింది. 1954లో మిన్నెసోటా సర్జన్లు చిన్న పేగులో ఎక్కువ భాగాన్ని పక్కకు తప్పించారు. బరువు తగ్గింది కానీ కాలేయం దెబ్బతిని, కిడ్నీలో రాళ్లు పడి ఆ పద్ధతి మూలపడింది. 1966లో అయోవాలో మేసన్, ఇటో కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ దాన్నే లాప్రోస్కోపీతో చేసి చూపించారు. 2000 ప్రాంతంలో మిషెల్ గాన్యే బృందం బాగా బరువున్నవాళ్లకు తొలి విడతగా మాత్రమే స్లీవ్ చేసేది. చాలామందికి రెండో విడత అవసరమే పడలేదు. అలా స్లీవ్ సొంతంగా నిలబడింది.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. స్లీవ్‌లో కడుపు ముప్పావు వంతు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా స్టేపుల్ చేస్తారు. కింద పైలోరస్ కవాటం అలాగే ఉంటుంది, మధ్య వంపు దగ్గర ఇరుకు కావచ్చు. దాంతో కొందరిలో లోపలి ఒత్తిడంతా పైకి తన్ని, అన్నవాహిక కలిసే చోట స్టేపుల్ వరుస విచ్చుకుంటుంది. పూర్వం మళ్లీ పొట్ట తెరిచి కుట్టేవారు. వాచి చీముపట్టిన కండలో కుట్టు నిలవదు. తర్వాత తొడుగున్న లోహపు స్టెంటుతో రంధ్రాన్ని కప్పారు. అన్నవాహిక క్యాన్సరు కోసం తయారైన ఆ స్టెంటు తరచూ కిందికి జారిపోయేది.

అప్పుడు ఆలోచన తిరగబడింది. పారిస్‌లో డొనాటెల్లి బృందం రంధ్రాన్ని మూయడం మానేసి, రెండు కొసలూ పందితోకలా చుట్టుకునే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని అందులోంచే దూర్చింది. ఒక కొస రంధ్రం అవతల పేరుకున్న చీముగూటిలో, ఇంకొకటి కడుపులో. చీము లోపలికే కారిపోయి, వారాల్లోనో నెలల్లోనో గూడు దానంతటదే పూడుతుంది. బ్రెజిల్‌లో కాంపోస్, గాల్వావ్ నెటో చీముగూటికీ కడుపుకీ నడుమ గోడను కోసి, ఇరుకైన చోటును 30 మిల్లీమీటర్ల బెలూనుతో సాగదీశారు. కింద ఇరుకు తగ్గితే పైన రంధ్రం మానుతుందన్నదే ఇందులోని కిటుకు.

ఈ కథలో తెలుగువాళ్ల పాత్ర ఉంది. 2004లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన కల్లూ బృందం పందుల్లో కడుపు గోడ గుండా ఉదరంలోకి ఎండోస్కోపు పంపిన ప్రయోగాన్ని ప్రచురించింది. దాదాపు అదే కాలంలో హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో జి.వి. రావు, డి. నాగేశ్వరరెడ్డి మనిషికి నోటి దారినే అపెండిక్స్ తీసి ప్రపంచాన్ని తమవైపు తిప్పుకున్నారు. సహజ ద్వారాల గుండా చేసే ఆ ‘నోట్స్’ పద్ధతి రోజువారీ వైద్యంగా నిలవలేదు. కానీ కడుపుకు పెట్టిన రంధ్రాన్ని లోపలినుంచే ఎలా మూయాలన్న ప్రశ్న వదల్లేదు. కల్లూ భాగస్వామిగా ఉన్న వైద్యుల బృందం చేసిన కృషి ఎండోస్కోపుతో కుట్టే ఓవర్‌స్టిచ్ పరికరానికి దారితీసింది. కల నెరవేరలేదు, పనిముట్టు మిగిలింది. బైపాస్ తర్వాత సాగిపోయిన, కడుపూ పేగూ కలిసే ద్వారాన్ని ఇవాళ దానితోనే బిగిస్తున్నారు.

బైపాస్‌తో ఇంకో చిక్కు ఉంది. అది చేసిన కడుపులో మామూలు గొట్టం పిత్తనాళం దాకా అందదు. 2001లో జపాన్‌కు చెందిన యమమోతో వెలువరించిన రెండు బెలూన్ల ఎండోస్కోపు అక్కడికి ఒక దారి చూపింది. ఆ తర్వాత కహాలే బృందం అల్ట్రాసౌండు సాయంతో, బైపాస్‌లో పక్కకు తప్పించిన పాత కడుపులోకి స్టెంటుతో కిటికీ తెరిచింది.

ఇన్ని వచ్చినా ఎండోస్కోపు సర్జన్‌కు బదులు కాదు. చీము ఉదరమంతా పాకి, బీపీ పడిపోతే కోతే దిక్కు. అందుకే లీకును సరిచేయగల ఎండోస్కోపీ డాక్టరు అందుబాటులో లేని చోట స్లీవ్ చేయించుకోవడం తెలివైన పని కాదు. ఆపరేషన్‌కు ముందే ఆ ప్రశ్న అడగండి. చేయించుకున్నవాళ్లు ఏ రకం ఆపరేషనో రాసిన కాగితం జీవితాంతం దాచుకోండి. తొలి వారాల్లో జ్వరం, ఎడమ భుజం నొప్పి, నిమిషానికి 120 దాటిన నాడి కనిపిస్తే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.