కాంటెస్సా మిగిలింది, స్టాండర్డ్ 2000 ఎందుకు మిగల్లేదు?

పాత కాంటెస్సా కొనవచ్చా అని మన గ్రూపులో ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది ఆ కారు తయారీ ఆగిపోయాక పుట్టిన పిల్లలే. ఇంకో పక్క, షెడ్డులో టార్పాలిన్ కింద పడున్న తాతగారి కారును పాత ఇనుముకి వేసేద్దామా అని కొన్ని ఇళ్లలో చర్చ. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ కార్ల చరిత్రలోనే ఉంది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ఒకప్పుడు మనకు కారంటే అంబాసిడర్, ఫియట్, మద్రాసువాళ్లకయితే స్టాండర్డ్ హెరాల్డ్. 1980ల మొదట్లో ప్రభుత్వం పట్టు కాస్త సడలించాక మూడు కంపెనీలూ పెద్ద కార్ల వైపు చూశాయి. చూసి, మూడూ ఒకే పని చేశాయి: ఐరోపాలో కాలం చెల్లిన కారు బాడీ ఒకటి తెచ్చుకుని, దొరికిన ఇంజన్ అందులో పెట్టడం. హిందుస్థాన్ మోటార్స్ వాక్స్‌హాల్ విక్టర్ బాడీతో 1984లో కాంటెస్సా దించింది. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కంపెనీ 1985లో ఫియట్ 124 బాడీలో 1171 సీసీ నిస్సాన్ ఇంజన్ పెట్టి 118 ఎన్.ఇ. అంది. అదే ఏడు మద్రాసు పెరుంగుడిలో స్టాండర్డ్ కంపెనీ అన్నిటికంటే అందమైన బాడీ తెచ్చింది. అదే రోవర్ ఎస్‌డి1.

ఆ రోవర్ సామాన్యమైనది కాదు. 1977లో ఐరోపా మేటి కారు బహుమతి అందుకుంది. ఇంగ్లండులో దాని పై మోడల్‌లో ఉన్నది 3.5 లీటర్ల వి8 ఇంజన్, 155 గుర్రాల శక్తి. మన పెరుంగుడిలో దాని స్థానంలో పెట్టింది పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఇంజన్ తరహాది, 1991 సీసీ, శక్తి ఇంచుమించు సగం. ఆ ఇంజన్ వంశం రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన రోజులది. ఫెర్గూసన్ ట్రాక్టర్లలో నడిచిందీ ఆ వంశమే. ఇంజన్‌గా అది చెడ్డదని మేము అనం, పొలంలో దానికి మంచి పేరే ఉంది. పరుగుపందెం గుర్రానికి ఎద్దు గుండె పెడితే ఎలా ఉంటుందో ఆ కారు అలా అయింది. మన రోడ్లకని ఎత్తు కూడా పెంచేసరికి రోవర్ సోయగం కొంత పోయింది. పెట్రోలు బాగా తాగుతుందన్న పేరు వచ్చి, మూడు నాలుగేళ్లు తిరక్కుండానే తయారీ ఆగింది. కంపెనీలో మిగిలిన విడిభాగాల నిల్వను ఆ తర్వాత బ్రిటన్‌లోని ఒక రోవర్ విడిభాగాల వ్యాపారి కొనుక్కుపోయాడు. మద్రాసులో తయారైన కారుకు సామాను ఇంగ్లండుకు ఓడెక్కింది!

కాంటెస్సా కథ వేరు. మొదట అందులో ఉన్నది అంబాసిడర్ ఇంజనే, 1489 సీసీ. అంత బరువు బాడీని 50 గుర్రాలు లాగలేక ఘాట్ రోడ్డు మీద ఆయాసపడేవి. తర్వాత 1817 సీసీ ఇసుజు ఇంజన్, అయిదు గేర్లు వచ్చాయి. దాంతో కారు నిజంగా పరిగెత్తింది. అప్పటి కుర్రాళ్లకు స్పోర్ట్స్ సెడాన్ అంటే అదే. మనం గమనించవలసింది ఏమంటే, ఆ ఇసుజు ఇంజన్నే 1990లలో అంబాసిడర్ 1800లో కూడా పెట్టారు. కాంటెస్సా తయారీ 2002లో ఆగినా అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. టాక్సీలుగా, సర్కారు బండ్లుగా వేల అంబాసిడర్లు తిరిగినన్నాళ్లూ వాటి విడిభాగాలు అంగళ్లలో ఉన్నాయి, వాటి మీద చేయి తిరిగిన మెకానిక్కులూ ఉన్నారు. కాంటెస్సా ఇంజన్ను బతికించింది ఈ చుట్టరికమే. స్టాండర్డ్ 2000కి అలాంటి దాయాదులు లేకపోయారు. 118 ఎన్.ఇ. ఈ రెండింటికీ మధ్యలో పడింది, నిస్సాన్ ఇంజన్ గట్టిదే కాని బాడీ సామానుకు తిప్పలు తప్పవు.

ఇక కోయంబత్తూరు మాట చెప్పకపోతే అక్కడి మనవాళ్లు ఊరుకోరు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారి దగ్గర నుంచి ఆ ఊరిలో బండి నడపడంతో పాటు బండి బాగుచేయడమూ ఒక విద్యగా పెరిగింది. ఫౌండ్రీలు, లేత్ షాపులు, పంపుసెట్ల కార్ఖానాలు దానికి తోడయ్యాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని కరివర్ధన్ గారు 1980ల చివర మారుతి 800 ఇంజన్‌తో పందెం కార్లు అక్కడే కట్టించారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయం ట్రాక్‌కు ఉన్నది ఆయన పేరే. షోళవరం పాత విమానాశ్రయంలో పందేలు జరిగిన రోజుల్లో హెరాల్డ్, ఫియట్ ఇంజన్లను విప్పి, నూరి, పదును పెట్టిన చేతుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. ఆ షెడ్లలో బోరు చేయిస్తారు, స్లీవ్ వేయిస్తారు, దొరకని బుష్షు తిప్పించి ఇస్తారు. కనుక ఇంజన్ పోయిన పాత కారును చూసి భయపడక్కర్లేదు. ఇనుప సామాను ఏదైనా మనవాళ్లు చేయగలరు. చేయలేనివి ముందు అద్దం, దీపాల గాజులు, డాష్‌బోర్డు, అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. అవి కావాలంటే ఇంకో కారు చావాలి. పుదుప్పేట అంగళ్లలో తిరిగినవాళ్లకు ఇది తెలుసు.

కాంటెస్సాకు అసలు జబ్బు తుప్పు. ముందు అద్దం బీడింగు ఎండి పగిలితే వాన నీళ్లు లోపలికి దిగి, కాళ్ల కింద రేకు తినేస్తాయి. తలుపుల అడుగు, తలుపుల కింది పట్టీ, డిక్కీ నేల కూడా అలాగే పోతాయి. పైన పెయింటు మెరుస్తోందని మోసపోకండి. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. అది పట్టనిచోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. చాపలు ఎత్తి చూడనివ్వని అమ్మకందారు దగ్గర టీ తాగి వచ్చేయండి.

రెండోది వేడి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్లో ఉప్పు పట్టి, ట్రాఫిక్‌లో ముల్లు ఎర్రగీత దాటుతుంది. పట్టించుకోకుండా నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. రేడియేటర్ శుభ్రం చేయించడం చిన్న ఖర్చే, వాయిదా వేస్తే అది ఇంజన్ ఖర్చవుతుంది. బ్రేకు సిలిండర్ల రబ్బర్లు, స్టీరింగ్ ఆట, ఎండి విరిగిపోయే వైర్లు షెడ్డులో కదలకుండా ఉన్న ప్రతి బండికీ ఉండేవే.

డబ్బు లెక్క: ఇంజన్ దించి పూర్తిగా చేయిస్తే 50,000 దగ్గర మొదలనుకోండి. టింకరింగు, పెయింటింగుకు అంతకు రెండింతలు మూడింతలు అవుతుంది, తుప్పు లోతును బట్టి. కనుక ఇంజన్ ఆగిపోయి, రేకు గట్టిగా ఉన్న బండి కొనండి. రేకు పోయి, ఇంజన్ చక్కగా పాడే బండిని వదిలేయండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తున్నారు.

ఆర్‌టీఓ ఖర్చు కూడా కలపండి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. వింటేజ్ కింద రాయించుకుందామంటే దానికి 50 ఏళ్లు నిండాలి. మొదటి కాంటెస్సాకు కూడా 2034 దాకా ఆ అర్హత రాదు.

ఇక షెడ్డులో స్టాండర్డ్ 2000 ఉన్న ఇళ్లవారికి. దాన్ని నడిపించడం మన తరం కాకపోవచ్చు. అయినా పాత ఇనుము వ్యాపారి కిలో లెక్కన తూచే ముందు అద్దాలు, దీపాలు, డాష్‌బోర్డు విప్పించి, పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టండి. గ్రూపులో ఒక ఫొటో వేయండి. కావలసినవాళ్లు వస్తారు.